విచారం వానకు చెప్పుకోండి

మొన్న మంగళవారం పొద్దున పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించి ఇంట్లోకి వచ్చేసరికి ఫోన్‌లో మెసేజ్ ఉంది. మా టీచరమ్మ పోయారు. పంపింది ఆవిడ మేనకోడలు. ఎనభై ఏళ్ళు, నిద్రలోనే పోయారట, ఏ హడావిడీ లేకుండా వెళ్ళిపోయారట. మొదటి రెండు ముక్కలూ నమ్మాను. మూడోది మాత్రం నమ్మలేదు. హడావిడి లేకుండా పక్కింటికి కూడా వెళ్ళని మనిషి పైలోకానికి ఎలా వెళ్తుంది?

ఏడుద్దామని కూర్చున్నాను. కాసేపు ఏడ్చాను కూడా. కానీ ఆవిడ గుర్తొస్తే ఏడుపు నిలవదు. ముందు నవ్వు వస్తుంది, ఆ వెంటనే లేచి ఏదో ఒక పని చెయ్యాలన్న తొందర వస్తుంది. ఆ తొందరలోనే ఇది రాస్తున్నాను. మీలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలిసుంటే ఈపాటికి మీచేత కూడా కవర్లు అంటింపించేవారు.

నేను అమెరికాలో ఈ మోరిస్‌విల్‌కి వచ్చింది రెండువేల నాలుగులో. మా ఆయనది ఉద్యోగం వీసా, నాది ఆయన వెనకాల వచ్చే వీసా. అంటే డిగ్రీ ఉంది, ఉద్యోగం చేసే హక్కు లేదు. పొద్దున ఆయన ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం దాకా నేనూ గోడలూ. అపార్ట్‌మెంట్‌లో గోడ అవతలివైపు ఆవిడ ఉండేవారు. రిటైరైన స్కూల్ టీచరు, నల్లజాతి మనిషి, ఒంటరి. లైబ్రరీలో కొత్తగా వచ్చినవాళ్ళకు ఉచితంగా ఇంగ్లీష్ మాట్లాడటం నేర్పేవారు. ఒకరోజు నా తలుపు తట్టి, “రోజంతా నీ ప్రెషర్ కుక్కర్ ఒక్కటే మాట్లాడుతోంది, నువ్వెప్పుడు మాట్లాడతావు?” అని అడిగి తన క్లాసుకి లాక్కుపోయారు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. కానీ నా చెవిలో ఎప్పుడూ తెలుగులోనే మోగుతుంది, అందుకని తెలుగులోనే రాస్తాను.

ఆ క్లాసులో మొదటి రోజే నాకు చీవాట్లు పడ్డాయి. తలుపు తీస్తే సారీ, కుర్చీ జరిపితే సారీ, ఆవిడ నా కాలు తొక్కినా సారీ నేనే చెప్పాను. ఆవిడ చాక్‌పీస్ పక్కన పెట్టి, “అమ్మాయ్, ఆ మాట అలా చిల్లరలా విసిరెయ్యకు. దాని కోసం మావాళ్ళు నూట నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారు,” అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. సారీ మేడమ్ అన్నాను.

అర్థమైంది రెండువేల ఏడులో. ఆ ఏడు వసంతంలో మా రాష్ట్ర శాసనసభ, ఈ నేల మీద నడిచిన బానిసత్వానికి ప్రభుత్వం తరఫున ఏదో ఒక మాట చెప్పాలని తీర్మానం తెస్తోంది. ఏం మాట అన్నదే పేచీ. విచారం అంటే ఒక లెక్క, క్షమాపణ అంటే ఇంకో లెక్క. టీచరమ్మ వాళ్ళ నాన్నమ్మకు అమ్మ ఇక్కడికి తూర్పున పొగాకు పొలాల్లో బానిసగా పుట్టింది. తొమ్మిదేళ్ళకే ఆమెను తల్లి నుంచి విడదీసి అమ్మేశారు. ఇంట్లో తరం తరువాత తరం ఆ కథ చెప్పుకుంటూనే ఉన్నారు. టీచరమ్మకు డెబ్భై రెండేళ్ళు వచ్చాయి. తను బతికుండగా, తన రెండు చెవులతో, ప్రభుత్వం నోట క్షమాపణ అన్న మాట వినాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే.

ఇక చూడండి, నా పగళ్ళకు పని దొరికింది! నా డైనింగ్ టేబుల్ పార్టీ ఆఫీస్ అయిపోయింది. రెండు పార్టీల సభ్యులకూ ఉత్తరాలు. ఆవిడ చేత్తో రాస్తారు, నేను అడ్రసులు రాసి కవర్లు అంటిస్తాను. ఆవిడకు కంట్లో శుక్లం, అందుకని కార్ డ్రైవ్ చేసేదీ నేనే. “గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, నువ్వు జెండాలు మాత్రం పట్టుకోకు,” అని మా ఆయన ఒక్కటే షరతు పెట్టారు. జెండా పట్టుకోలేదు. స్టీరింగ్ పట్టుకున్నాను.

తెలుగువాళ్ళం కదా, పార్టీని గుర్తుతో పిలవకపోతే నోరు ఊరుకోదు. నాకు ఒకటి గాడిద పార్టీ, ఒకటి ఏనుగు పార్టీ. టీచరమ్మ నలభై ఏళ్ళుగా గాడిద పార్టీ. వాళ్ళ తాత మాత్రం ఏనుగు పార్టీ. ఒకప్పుడు బానిసల్ని పెట్టుకున్నవాళ్ళది గాడిద పార్టీ అనీ, విడిపించినవాళ్ళది ఏనుగు పార్టీ అనీ, తరువాత రెండూ కొట్టాలు మార్చుకున్నాయనీ ఆవిడే నాకు చెప్పారు. “జంతువుని చూసి నమ్మకు. అది ఎవరి పొలం వైపు నడుస్తోందో చూడు,” అనేవారు.

ఆ నమ్మకం లేకే ఒక సాయంత్రం తన సొంత పార్టీ మీటింగ్‌లోనే లేచి నిలబడ్డారు. అక్కడొక పెద్దమనిషి, “విచారం అని పెడితే రెండు పార్టీలూ ఓటేస్తాయి, ఎవరికీ కోపం రాదు, సరిపెట్టుకుందాం,” అన్నాడు. టీచరమ్మ టోపీ తీసి కుర్చీలో పెట్టారు. టోపీ తీశారంటే క్లాసు మొదలైనట్టే. “విచారం వానకు చెప్పుకోండి. వాన పడి పిక్నిక్ చెడిపోతే మనం విచారిస్తాం. వానను మనం కురిపించలేదు కాబట్టి. మనం చేసినదానికి ఇంకో మాట ఉంది. ఆ మాట లేకపోతే నా నలభై ఏళ్ళ సభ్యత్వం మీ బల్ల మీదే పెట్టి వెళ్తాను.” వెనక కుర్చీలో కూర్చున్న నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ మర్నాడు ఏనుగు పార్టీ సభ్యుడి ఆఫీస్‌కి కూడా వెళ్ళాం. ఆయన మర్యాదగానే కాఫీ ఇచ్చాడు. “అమ్మా, మా తాత కౌలురైతు. మావాళ్ళు ఎవర్నీ కొనలేదు, అమ్మలేదు. నేనెందుకు చెప్పాలి?” అన్నాడు. “అయితే అందరికంటే తేలిగ్గా చెప్పగలిగేది మీరే కదా,” అన్నారు టీచరమ్మ. ఆయన నవ్వేశాడు. ఓటు సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్నగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. తెలంగాణలో మాది పటేళ్ళ ఇల్లు. ఆయన ఊళ్ళో మూడు పార్టీల కండువాలు వేసినవారు. ఇక్కడ టీవీ చూడలేక, నడవడానికి బజారు లేక అల్లాడిపోతున్న మనిషికి నా డైనింగ్ టేబుల్ మీద శాసనసభ్యుల లిస్టు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని కవర్లు మడవడానికి కూర్చున్నారు. నేను “నాన్నగారూ” అనడం విని టీచరమ్మ అదే ఆయన పేరనుకున్నారు. పార్టీ మీటింగ్‌లో అందరికీ “వీరు మిస్టర్ నాన్నగారు” అని పరిచయం చేశారు. ఒక్కొక్కళ్ళూ వచ్చి, “హలో మిస్టర్ నాన్నగారు,” అని చెయ్యి కలుపుతుంటే, “అమెరికల నాకు ఇంతమంది పిల్లలున్నరా!” అని మా నాన్న మీసం దువ్వుకున్నారు.

భాష లేకపోయినా ఇద్దరికీ తెగ కుదిరింది. “కండువ మారుతది, మనిషి మారడు,” అని నాన్న అంటే, నేను తర్జుమా చెయ్యకముందే ఆవిడ తలూపేవారు.

చెడింది ఒక్కసారే. కవర్లు మడుస్తూ నాన్న అసలు సంగతేమిటని అడిగారు. చెప్పాను. ఆయన తేలిగ్గా అన్నారు: “ఏందమ్మా దీనికింత లొల్లి? మనింట్ల జీతగాళ్ళు లేకుండిరా? అన్నం పెట్టినం, బట్ట పెట్టినం, పెండ్లి గూడ చేసినం. ఇంట్లోడి లెక్కనే చూసుకున్నం.”

ఆయన చెబుతున్నది మా ఇంట్లో ఉండిన పెద్ద జీతగాడి గురించి. ఎనిమిదేళ్ళప్పుడు మా తాత దగ్గరికి వెట్టికొచ్చి, నడుం వంగేదాకా మా ఇంట్లోనే చేసిన మనిషి. నాన్నకంటే పదేళ్ళు పెద్ద. నాన్న ఆయన్ని ‘ఒరేయ్’ అనేవారు. దాచుకోవడం ఎందుకు, బొడ్డూడని నేను కూడా ‘నువ్వు’, ‘వాడు’ అనే అన్నాను. ఎవరూ తప్పని చెప్పలేదు.

నాన్న మాటల్ని ఇంగ్లీష్‌లో చెప్పాలా వద్దా అని తటపటాయించాను. “మొత్తం చెప్పు, పంచదార కలపకు,” అన్నారు టీచరమ్మ. చెప్పాను. కోప్పడతారనుకుంటే పకపకా నవ్వారు. “ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు. తెలుగులో వినడం మాత్రం ఇదే మొదటిసారి!” అన్నారు.

నాన్న తగ్గలేదు. “అట్ల గాదని చెప్పు బిడ్డా. నన్ను భుజాల మీద ఎక్కించుకోని రోజు బడికి తీస్కపోయెటోడు. అంత ప్రేమ.”

టీచరమ్మ మడుస్తున్న కవరు ఆపారు. “మీది, మాది ఒకటేనని నేననను. నాకు మీ ఊరు తెలియదు. టీచర్‌ని కాబట్టి ఒక్కటి అడుగుతాను. మిమ్మల్ని బడిలో దించాక, అతను ఏ క్లాసులో కూర్చునేవాడు?”

నాన్న కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “బయట. అరుగు మీద. బడి ఇడిశేదాక,” అన్నారు. ఆ తరువాత రెండు రోజులు కవర్లు ముట్టలేదు. ఆవిడ వస్తే నిద్ర వస్తోందని లోపలికి వెళ్ళిపోయేవారు. నాకు మధ్యలో చచ్చే చావుగా ఉండేది. టీచరమ్మ మాత్రం ఏమీ జరగనట్టే, “మిస్టర్ నాన్నగారికి నా నమస్తే చెప్పు,” అని గదిలోకి వినబడేలా అరిచేవారు.

ఓటింగ్ రోజు పొద్దున చూద్దును కదా, తెల్ల పంచె, లాల్చీ, ఇస్త్రీ కండువా వేసుకుని మా నాన్న అందరికంటే ముందే కార్ దగ్గర నిలబడి ఉన్నారు. టీచరమ్మ నిమ్మపండు రంగు టోపీ పెట్టుకుని వచ్చారు. హైవే మీద రాజధాని రాలీ దాకా ఆవిడ ఊపిరి తీసుకోకుండా మాట్లాడారు. ఒక పాట అందుకుని మధ్యలో వదిలేశారు, ఇంకో పాట అందుకున్నారు. సభలో వద్దన్న ఓటుకు ఎర్ర దీపం వెలుగుతుందట; దారిలో ఎర్ర సిగ్నల్ పడితే, “ఇక్కడ కూడా ఎర్ర దీపమేనా!” అని డాష్‌బోర్డ్ మీద కొట్టారు. ఆవిడతో పాటు నేనూ సిగ్నల్‌ని తిట్టాను. నాకసలు ఈ దేశంలో ఓటు కూడా లేదు!

పైన గ్యాలరీ నిండిపోయింది. చప్పట్లు కొట్టకూడదు, కేకలు వెయ్యకూడదు అని ముందే చెప్పారు. కింద సభ్యులు, ఎదురుగా దీపాల బోర్డు. తీర్మానం చదవడం మొదలైంది. మొదటి వరుసలోనే విచారం అన్న మాట వినపడింది. టీచరమ్మ భుజాలు కుంగిపోవడం పక్కన కూర్చున్న నాకు తెలిసింది. నాన్న నా చెవిలో, “ఏమన్నరు?” అన్నారు. “విచారం అన్నారు నాన్నా.” “అయ్యో,” అన్నారు నాన్న, నిజంగానే.

చదువుతూనే ఉన్నారు. జరిగినవి ఒక్కొక్కటే చెబుతున్నారు. అమ్మడం, కొట్టడం, బానిసత్వం పోయిన తర్వాత కూడా చట్టాలు పెట్టి తొక్కడం. చదువుతూ చదువుతూ ఉండగా వచ్చింది ఆ మాట. క్షమాపణ. కాగితం తల మీద విచారమే గానీ, కడుపులో క్షమాపణ ఉంది! టీచరమ్మ నా మణికట్టు పట్టుకున్నారు. ఆ గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. తరువాత ఓట్లు. పచ్చ దీపం, పచ్చ దీపం, గాడిదా ఏనుగూ తేడా లేకుండా అన్నీ పచ్చ దీపాలే. ఒక్క ఎర్రది లేదు. చప్పట్లు కొట్టకూడదు కాబట్టి ఆవిడ టోపీ తీసి, చేతులు రెండూ పైకెత్తి, నోరు మూసుకుని అటూ ఇటూ ఊగారు. అలాంటి కేక నేను మళ్ళీ వినలేదు.

బయట మెట్ల మీద అచ్చంగా పెళ్ళిసందడి. ఆవిడ కనిపించినవాళ్ళనందర్నీ కావలించుకున్నారు. నేను తెచ్చిన పులిహోర ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ పంచిపెట్టారు. అప్పుడు నాన్న నెమ్మదిగా అన్నారు: “అంత మంచిగనే ఉన్నది గని, అమ్మా, ఒక్కడన్న తలకాయ లేపి పైకి సూడకపాయె. ఎవలకు చెప్పిండ్రు? కాయితానికి చెప్పిండ్రు.”

ఆవిడకు ఇది చెప్పకుండా ఉందామనుకున్నాను, ఊరుకుంటేనా. విని, ఒక మెట్టు కిందికి దిగి నాన్న ఎదురుగా నిలబడ్డారు. “నిజమే. కానీ కాగితం కూడా కావాలి, పిల్లలకు పాఠం చెప్పడానికి. మీ భాషలో ఆ మాటేమిటి?” క్షమాపణ అని చెప్పాను. నాన్న అడ్డం పడ్డారు. “అది పేపర్ల రాసేది. ఊళ్ళె అట్లెవడంటడు? తప్పయింది అంటరు.”

“తప్ప-యిం-ది,” అని ఆవిడ రెండు మూడు సార్లు నోట్లో నానేసుకున్నారు. “బాగుంది. ఎవరు ఎవరికి చెప్తారు?”

ఆవిడ అడిగింది మామూలుగానే. పిల్లలకు కొత్త మాట నేర్పేటప్పుడు ఎలా వాడతారో అడిగినట్టు. నాన్న జవాబు చెప్పడానికి మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది. “జీతగాండ్లు పటేండ్లకు,” అన్నారు.

శనివారం పొద్దున ఆయనే టీచరమ్మను పిలవమన్నారు. ఆవిడ రాగానే ఊరికి ఫోన్ కలపమన్నారు. పెద్ద జీతగాడి మనవడి దగ్గర ఫోన్ ఉంది, ఆ నంబర్. కాలింగ్ కార్డ్ నంబర్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి డైనింగ్ టేబుల్ మధ్యలో ఉంచాను. టీచరమ్మ మామూలుగా కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. ఎందుకు పిలిచారో ఆవిడకు నాన్న చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

అటు నుంచి ముసలి గొంతు వచ్చింది. “పటేలా! బాగున్నరా? ఆడ సలి గిట్ట ఉన్నదా?”

“ఏం రా...” అని అలవాటుగా మొదలుపెట్టి నాన్న ఆగిపోయారు. “అన్నా,” అన్నారు.

లైన్ పోయిందేమో అనుకున్నాను.

“అన్నా, నన్ను బడికి మోసినవు. నువ్వు బయట కూసున్నవు. నీకు బడి లేకుండ చేసినం. నిన్ను అడగకుండనే నీ బతుకంత మాకే వాడుకున్నం. మా నాయన చేసిండు, నేను గూడ చేసిన. తప్పయింది.”

వెంటనే అటు నుంచి గాభరాగా వచ్చింది: “తప్పయింది పటేలా! తప్పయింది! ఏం జేసిన్నో చెప్పుండ్రి పటేలా, మా బర్రె గిట్ట మీ చేన్ల వడ్డదా?”

నాన్న మొహం నేను చూడలేకపోయాను. ఆ మాట ఎప్పుడు గాల్లో వినపడినా అది తనే చెప్పాలని ఆ ముసలాయనకు డెబ్భై ఏళ్ళ అలవాటు. “నువ్వు గాదు,” అంటున్నారు నాన్న. అటు నుంచి మళ్ళీ తప్పయింది. “అన్నా, నువ్వు గాదే.” మళ్ళీ తప్పయింది.

టీచరమ్మకు తెలుగు రాదు. కానీ ఆ ఒక్క మాట వచ్చు. అది ఏ వైపు నుంచి రావాలో, ఏ వైపు నుంచి వస్తోందో చెవులతో పట్టేశారు. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారు. రెండు అరచేతులూ బల్ల మీద ఆన్చి, ఫోన్ మీదికి వంగి, జీవితంలో చూడని ఊరికి వినపడేలా ఇంగ్లీష్‌లో అరిచారు: “నో సర్! మీరు కాదు! మీరు చెప్పకండి!”

అటు ఆ మాట ఆగింది. తరువాత మెల్లగా, “ఎవలది పటేలా ఆ గొంతు?”

“టీచరమ్మది అన్నా,” అన్నారు నాన్న. ఏడుస్తున్నారు. “నిన్ను చెప్పొద్దంటున్నది. ఇనుమంటున్నది.”

“టీచరమ్మనా,” అన్నాడు ఆ ముసలాయన. బడి గుమ్మంలోంచి ఎవరో తనను లోపలికి పిలిచినట్టు, సర్దుకుని కూర్చున్నట్టు వినపడింది. “అట్లయితే ఇంటున్న. చెప్పుండ్రి.”

నాన్న మళ్ళీ మొదటి నుంచి, ఒక్కొక్క మాటా చెప్పారు. టీచరమ్మ ఆ అరచేతులు బల్ల మీద నుంచి తీయలేదు. నడుం నొప్పి మనిషి, కూర్చోమంటే తల అడ్డంగా ఊపారు. మధ్యలో ఎవరైనా దూరి ఆ మాటను మళ్ళీ వెనక్కి తిప్పుతారేమో అన్నట్టు, ఫోన్‌కి కాపలా ఉన్నట్టు, ఆఖరి మాట దాకా అలాగే వంగి నిలబడ్డారు.